డీఎంఏ చానెల్ మీద అధికారం ఎవరిది?

రిజిస్టర్ల పక్షం: డ్రైవర్ రాసే మనిషికి తన పరికరంలోని డేటా మెమరీలోకి ఏ దారిన వస్తోందో తెలియాలి. డీఎంఏ అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా ఇంకో యంత్రం నేరుగా మెమరీలో రాయడం. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని బైట్లు, ఎవరు అడిగినప్పుడు అన్న నాలుగు సంగతులూ దానికి చెప్పేవి కంట్రోలర్ రిజిస్టర్లే. ఇవాళ డ్రైవర్లు రాస్తున్నవాళ్లలో చాలామంది ఆ రిజిస్టర్ల పేజీ తెరవరు. కెర్నెల్ ఇచ్చిన ఫంక్షన్లు వరసగా పిలుస్తారు, కాల్‌బ్యాక్ వస్తే పనైందనుకుంటారు. కాల్‌బ్యాక్ రాని రోజున ఎక్కడ వెతకాలో వాళ్లకు తోచదు. కంట్రోలర్ చిన్నదైతే డ్రైవర్‌లోంచే దాన్ని నేరుగా నడపనివ్వండి అంటాను. కోడ్ తగ్గుతుంది, రాసినవాడికి తాను ఏం చేశాడో తెలుస్తుంది.

కెర్నెల్ పక్షం: తెలుసుకోవడం వేరు, తాకడం వేరు. రిజిస్టర్ల గురించి చదవొద్దని నేను అనను. సౌండ్ డ్రైవర్లోంచో, ఎస్‌పీఐ డ్రైవర్లోంచో డీఎంఏ కంట్రోలర్ రిజిస్టర్లలోకి నేరుగా రాయకూడదన్నదే నా వాదన. ఆ కంట్రోలర్ ఒక్క డ్రైవర్ సొత్తు కాదు. పదహారు చానెళ్లుంటే పదహారు మంది వాడుకునేవాళ్లుంటారు. ఎవరికి ఏది ఇచ్చామో ఒక్కచోట లెక్క ఉండాలి. లినక్స్‌లో ఆ చోటు డీఎంఏ ఇంజిన్. 2006లో 2.6.18తో వచ్చింది.

రిజిస్టర్ల పక్షం: మరి అంతకుముందు పాతికేళ్లు పీసీలు నడవలేదా? 1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటెల్ 8237 ఉంది. మన ఇంజినీరింగ్ కాలేజీల మైక్రోప్రాసెసర్ పాఠాల్లో దాన్నీ, దాని అన్న 8257నీ చెబుతారు. ఫ్లాపీ నుంచి ఒక సెక్టార్ చదవాలంటే చేయాల్సిందంతా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పదో నంబరు పోర్టులో రాసి రెండో చానెల్‌ను మూసేయాలి. పన్నెండో పోర్టులో ఏదో ఒకటి రాసి ఫ్లిప్-ఫ్లాప్‌ను మొదటికి తేవాలి. పదకొండులో మోడ్. నాలుగో పోర్టులో చిరునామా కింది బైటు, మళ్లీ అదే పోర్టులో పై బైటు. మిగిలిన పై బిట్లు 129లో ఉన్న పేజీ రిజిస్టర్‌లోకి. అయిదో పోర్టులో లెక్క, అదీ రెండు బైట్లుగానే. 512 బైట్లు కావాలంటే రాయాల్సింది 511. ఆఖర్న చానెల్ తెరవాలి. ఇది చేతితో చేసినవాడికి 64 కేబీ గీత ఎందుకు దాటకూడదో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. చిరునామా లెక్కించే కౌంటర్‌కు ఉన్నవి పదహారు బిట్లే, పేజీ రిజిస్టర్ తనంతట తాను పెరగదు. బఫర్ గీత దాటితే మిగతా డేటా అదే పేజీ మొదట్లోకి వెళ్లి అక్కడున్నదాన్ని చెరిపేస్తుంది. 1984 నాటి పీసీ-ఏటీలో చిరునామాకు 24 బిట్లే ఉండడం వల్లే లినక్స్ తొలి 16 ఎంబీని విడిగా డీఎంఏ జోన్ అని ఉంచిందనీ అతనికి అర్థమవుతుంది.

కెర్నెల్ పక్షం: మీరు చెప్పిన వరసలోనే నా వాదన ఉంది. ఆ ఫ్లిప్-ఫ్లాప్ చానెల్‌కొకటి కాదు, చిప్పు మొత్తానికి ఒకటే. మీరు కింది బైటు రాశారు. పై బైటు రాసేలోపు ఇంటరప్ట్ వచ్చి, ఇంకో డ్రైవర్ ఇంకో చానెల్ కోసం అదే ఫ్లిప్-ఫ్లాప్‌ను తాకింది. ఇక మీ పై బైటు కింది బైటు స్థానంలో కూర్చుంటుంది. అందుకే లినక్స్‌లో ఆ పాత చిప్పుకు కూడా చానెల్ అడిగి తీసుకునే ఫంక్షన్ ఒకటి, రిజిస్టర్లు తాకేముందు పట్టుకోవాల్సిన తాళం ఒకటి పెట్టారు. ప్రాక్ డైరెక్టరీలో డీఎంఏ ఫైల్ తెరిస్తే నాలుగో చానెల్ ఎదుట క్యాస్కేడ్ అని ఇప్పటికీ కనిపిస్తుంది. రెండు 8237లను కలిపే చానెల్ అది, ఎవరికీ ఇవ్వరు. అంత చిన్న చిప్పుకే కాపలాదారు అవసరమయ్యాడు.

రిజిస్టర్ల పక్షం: తాళం పెట్టండి, వద్దనను. తాళం ఒకటి, దాని మీద నాలుగంతస్తులు ఇంకొకటి.

కెర్నెల్ పక్షం: తాళాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లను అడగండి. రంగురంగుల ఎల్‌ఈడీ పట్టీలు వెలిగించే ప్రసిద్ధ లైబ్రరీ ఒకటుంది. కెర్నెల్‌ను అడక్కుండా యూజర్ ప్రోగ్రామ్ నుంచే డీఎంఏ రిజిస్టర్లను మెమరీలో మ్యాప్ చేసుకుని నడుపుతుంది. ఒకప్పుడు చాలామంది అయిదో చానెల్ ఇచ్చేవారు. పై 3లో ఆ చానెల్ వాడితే ఎస్‌డీ కార్డులోని ఫైల్ సిస్టమ్ పాడైపోయేది. ఇప్పుడు ఆ లైబ్రరీ సూచనల్లోనే అయిదు వాడొద్దన్న హెచ్చరిక ఉంది, ఉదాహరణల్లో పదో చానెల్ ఉంటుంది. దీపాలు వెలిగించబోతే కార్డులో ఉన్నదంతా పోయింది. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు రిజిస్టర్లు తెలియనివాళ్లు కారు, బాగా తెలిసినవాళ్లే. ఆ చానెల్ అప్పటికే ఎవరి చేతిలో ఉందో వాళ్లు కెర్నెల్‌ను అడగలేదు.

రిజిస్టర్ల పక్షం: దీని మీద మీతో వాదించను. చానెల్ పంపకం ఒక్కచోటే జరగాలి. ఒప్పుకుంటున్నాను. కానీ పంపకం అయ్యాక, నా చానెల్ నా చేతికి వచ్చాక, దాన్ని నేను నడపడానికి అడ్డేమిటి?

కెర్నెల్ పక్షం: ముందు చిరునామా సంగతి తేలాలి. అదే పై బోర్డులో ఒక పరికరం రిజిస్టర్ ప్రాసెసర్‌కు ఒక చిరునామాలో కనిపిస్తుంది, డీఎంఏ కంట్రోలర్‌కు ఇంకో చిరునామాలో. కంట్రోలర్ వైపు నుంచి హెక్స్‌లో 7ఈ తో మొదలవుతుంది. ప్రాసెసర్ వైపు నుంచి మొదటి పైలో 20తో, పై 2లో 3ఎఫ్‌తో, పై 4లో ఎఫ్‌ఈతో. మెమరీ బఫర్‌దీ ఇదే తంతు. పరికరాల చిరునామాలను అనువదించే ఐఓఎంఎంయూ ఉన్న సర్వర్లో అయితే పరికరానికి ఇవ్వాల్సిన చిరునామాకూ భౌతిక చిరునామాకూ సంబంధమే ఉండకపోవచ్చు. బఫర్ భౌతిక చిరునామా లెక్కగట్టి రిజిస్టర్లో పెట్టే డ్రైవర్ ఈ బోర్డులో నడిచి ఆ బోర్డులో చస్తుంది. మ్యాప్ ఫంక్షన్ ఇచ్చిన చిరునామా పెట్టేది రెండింట్లోనూ నడుస్తుంది.

అంతకంటే పెద్దది క్యాష్. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒక స్ట్రక్చర్ ఉంది. అందులో పరికరం నింపాల్సిన పదహారు బైట్ల బఫర్, దాని పక్కనే డ్రైవర్ వాడే ఒక స్టేటస్ ఫ్లాగ్. రెండూ ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో పడ్డాయి. ప్రాసెసర్ క్యాష్‌ను హార్డ్‌వేరే సమన్వయం చేయని ఆర్మ్ బోర్డు మనది. పరికరం మెమరీలో రాస్తుండగా డ్రైవర్ ఆ ఫ్లాగ్‌ను మార్చింది. దాంతో లైన్ మొత్తం, పదహారు పాత బైట్లతో సహా, క్యాష్‌లో మార్పు పడినదిగా గుర్తయింది. కాసేపటికి చోటు చాలక క్యాష్ ఆ లైన్‌ను మెమరీలోకి తోసింది. పరికరం అప్పుడే రాసిన కొత్త డేటా మీద పాత బైట్లు వచ్చి పడ్డాయి. లేదా ఇంకో రకంగా జరిగింది. తోయకముందే డ్రైవర్ ఆ లైన్‌ను చెల్లదని కొట్టేసింది, ఫ్లాగ్‌లో చేసిన మార్పు మాయమైంది. రెండూ ఎప్పుడో ఒకసారి మాత్రమే జరుగుతాయి. మీ కంట్రోలర్ రిజిస్టర్లన్నీ ఒక్కోటి సరిగ్గానే ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ పూర్తయిందనే చెబుతాయి. తప్పు ఉన్నది స్ట్రక్చర్ నిర్వచనంలో. అందుకే 64 బిట్ ఆర్మ్‌లో కెర్నెల్ డీఎంఏ అమరికను 128 బైట్లుగా లెక్కిస్తుంది. విడిగా కేటాయించిన బఫర్ ఇంకొకరితో లైన్ పంచుకోకూడదని.

ఇక అసలు నియమం. బఫర్‌ను మ్యాప్ చేయడమంటే పొలం కౌలుకిచ్చినట్టు. గడువు తీరేదాకా అది పరికరానిది. ప్రాసెసర్ అందులో చదవకూడదు, రాయకూడదు. మధ్యలో చూడాలంటే సింక్ ఫంక్షన్‌తో వెనక్కి తీసుకుని, చూసి, మళ్లీ ఇవ్వాలి. ఏ రిజిస్టర్‌లోనూ ఈ ఒప్పందం రాసి ఉండదు. ఇది ఉన్నది కెర్నెల్ డీఎంఏ పొరలోనే.

రిజిస్టర్ల పక్షం: ఒప్పందం మంచిదే. దాన్ని పాటించేలా చూసేదెవరు? ఇంటెల్ పీసీలో క్యాష్‌ను హార్డ్‌వేరే చూసుకుంటుంది కాబట్టి మీ సింక్ ఫంక్షన్లు చాలావరకు ఏమీ చేయవు. మరిచిపోయినా డ్రైవర్ చక్కగా నడుస్తుంది. అక్కడ పరీక్షించి పంపుతారు, ఆర్మ్ బోర్డు కొన్నవాడు బాధపడతాడు. డిస్క్రిప్టర్ రింగు సంగతీ అంతే. చిరునామా, పొడవు రాసి, ఆ తర్వాతే ఇది నీదని పరికరానికి చెప్పే బిట్ వేయాలి. మధ్యలో బ్యారియర్ పెట్టకపోయినా ఇంటెల్ ప్రాసెసర్ రాసిన క్రమంలోనే బయటికి చూపిస్తుంది. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. పొర వాడాడు కాబట్టి పొర చూసుకుంటుందనుకున్నవాడు బ్యారియర్ గురించి ఆలోచించనే ఆలోచించడు. స్టాక్ బఫర్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఎన్నో యూఎస్‌బీ డ్రైవర్లు ఫంక్షన్ లోపలి చిన్న అర్రేను తీసి డీఎంఏకి ఇచ్చేవి. మీ పొర ద్వారానే ఇచ్చేవి. పొర ఏళ్ల తరబడి మారుమాట్లాడలేదు. 2016 చివర్లో 4.9 వచ్చి, కెర్నెల్ స్టాక్‌ను విడి పేజీలతో అమర్చే మార్పు తేగానే అవన్నీ వరసగా విరిగాయి.

కెర్నెల్ పక్షం: విరిగాయి. కానీ స్టాక్ బఫర్ ఇవ్వకూడదని అంతకు చాలాముందే రాసిపెట్టి ఉంది. అలా రాసి ఉండబట్టే స్టాక్ భద్రత కోసం అంత పెద్ద మార్పు చేయడానికి దారి దొరికింది. నియమం దాటినవాటిని ఒక్కొక్కటిగా సరిచేశారు. ఎవరి డ్రైవర్లో వాళ్లు రిజిస్టర్లు తడుముకునే లోకంలో ఆ మార్పు ఎవరి తరమూ అయ్యేది కాదు. పొర మౌనం గురించి మీరన్నది మాత్రం నిజమే. డీఎంఏ తనిఖీకి కెర్నెల్‌లో డీబగ్ ఆప్షన్ ఉంది. మ్యాప్ చేసి విప్పనివి, పొడవు తేడాగా విప్పినవి, స్టాక్ నుంచి ఇచ్చినవి, మ్యాప్ విఫలమైందో లేదో చూడనివి, అన్నీ పట్టిస్తుంది. దాన్ని ఆన్ చేసి పరీక్షించేవాళ్లు ఉండాల్సినంతమంది లేరు. ఈ నియమాలను కంపైలరే చూసేలా చేయొచ్చన్న ఆశతోనే కొందరు డీఎంఏ పొరకు రస్ట్ భాషలో తొడుగు తెచ్చారు. 2025 మొదట్లో దాని మీద నిర్వాహకుల మధ్య గట్టి వివాదం నడిచింది, చివరికి తొడుగు కెర్నెల్‌లో చేరింది.

రిజిస్టర్ల పక్షం: ఇప్పుడు నా బలమైన మాట వినండి. పొర అంటే అందరికీ కలిపి ఒక్క నమూనా. హార్డ్‌వేర్‌కు ఒక్క నమూనా లేదు. బ్లూటూత్ చిప్పు యూఆర్ట్ మీద మాట్లాడుతోందనుకోండి. స్వీకరించడానికి 4 కేబీ బఫర్‌తో డీఎంఏ మొదలుపెట్టాం. ముప్పై ఏడు బైట్లు వచ్చి ఆగిపోయాయి. బఫర్ నిండలేదు కాబట్టి కాల్‌బ్యాక్ రాదు. యూఆర్ట్ టైమవుట్ ఇంటరప్ట్ ఇచ్చింది. ఇప్పుడు డ్రైవర్‌కు కావాల్సింది ఒక్కటే, ఎన్ని వచ్చాయి? పొరలో దానికి రెసిడ్యూ అని ఉంది, ఇంకా ఎన్ని మిగిలాయో చెబుతుంది. కానీ ఎంత ఖచ్చితంగా? మీ డాక్యుమెంటేషన్ ప్రకారమే మూడు స్థాయిలు. కొన్ని కంట్రోలర్లు బర్స్ట్ దాకా చెబుతాయి, కొన్ని సెగ్మెంట్ దాకా, కొన్ని మొత్తం డిస్క్రిప్టర్ పూర్తయిందా లేదా అన్నంతవరకే. మూడో రకం మీద నా ముప్పై ఏడు బైట్లకు అర్థం లేదు.

అదీగాక, అందులో కొన్ని బైట్లు యూఆర్ట్ నుంచి బయటికొచ్చి కంట్రోలర్ సొంత ఫైఫోలో ఉండిపోయి ఉండొచ్చు, మెమరీకి ఇంకా చేరకుండా. వాటిని రాబట్టాలంటే చానెల్‌ను పాజ్ చేయాలి. పాజ్ అన్నాక రిజ్యూమ్ ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆర్మ్ వారి పీఎల్330 తీసుకోండి. ఆ కంట్రోలర్‌కు తన సొంత చిన్న ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఉంది. డ్రైవర్ మెమరీలో ఒక ప్రోగ్రామ్ కూర్చి ఇస్తుంది, కంట్రోలర్ దాన్ని చదువుకుని నడుస్తుంది. దాన్ని పాజ్ చేస్తే మళ్లీ కొనసాగించలేం. మిగిలినదెంతో చదువుకుని, చానెల్‌ను ముగించి, మొదటి నుంచి మళ్లీ అమర్చాల్సిందే. లినక్స్‌లోని ఆ డ్రైవర్ ఫైల్‌లో ఈ మాట వ్యాఖ్యగా రాసి ఉంది. యూఆర్ట్ డ్రైవర్ రాసేవాడు ఆ ఫైల్ తెరవడు కదా! అతనికి కనిపించేది పాజ్ అన్న ఒక్క ఫంక్షన్. ఒకే పేరు వెనక రెండు వేర్వేరు నిజాలు దాచి, చదవాల్సిన అవసరం లేదని పొర అతనికి నమ్మకం కలిగిస్తోంది.

కెర్నెల్ పక్షం: పూర్తిగా దాచడం లేదు. చానెల్ ఏం చేయగలదో అడిగే ఫంక్షన్ ఉంది. పాజ్ చేయగలదా, రిజ్యూమ్ చేయగలదా అని రెండూ విడివిడిగా చెబుతుంది. రెసిడ్యూ ఏ స్థాయిలో ఇస్తుందో కూడా.

రిజిస్టర్ల పక్షం: మొదట్లో ఆ రెండూ విడిగా లేవు. తర్వాత విడదీశారు. ఎందుకు విడదీశారు? కంట్రోలర్ మాన్యువల్ చదివినవాడెవడో వచ్చి, ఇవి ఒకటి కాదని చెప్పబట్టి.

కెర్నెల్ పక్షం: అవును. పొర అలాగే పెరుగుతుంది. అది దాని లోపమంటే లోపమే. నేను దాన్ని బలం అంటాను. ఒక చిప్పు మీద నేర్చుకున్నది అక్కడ చేరితే మిగతా డ్రైవర్లన్నిటికీ అందుతుంది. మీ డ్రైవర్‌లో మీరే రాసుకుంటే ఆ తెలివి మీ ఫైల్‌లోనే ఉండిపోతుంది.

రిజిస్టర్ల పక్షం: వేగం సంగతీ చెప్పనివ్వండి. డీఎంఏ అమర్చడానికే ఖర్చుంటుంది. పై లోని ఎస్‌పీఐ డ్రైవర్ 96 బైట్ల లోపు ట్రాన్స్‌ఫర్లకు డీఎంఏ జోలికే పోదు. ఇక ఐఓఎంఎంయూ ఉన్నచోట ప్రతి ప్యాకెట్‌కూ మ్యాప్ చేయాలి, విప్పాలి, పాత అనువాదాన్ని దాని క్యాష్‌లోంచి చెరపాలి. 2016లో టెక్నియన్ పరిశోధకులు ప్రచురించిన పనిలో తేలిందేమిటో చూడండి. శాశ్వతంగా మ్యాప్ చేసి ఉంచిన బఫర్‌లోకి ప్రాసెసర్‌తో కాపీ చేయించడమే ఈ మ్యాప్-విప్పు తతంగం కంటే వేగమైన సందర్భాలున్నాయి. కాపీలు తప్పించడానికి వచ్చిన డీఎంఏలో, పొర వల్ల కాపీ చేయడమే లాభమైంది.

కెర్నెల్ పక్షం: ఆ పని శీర్షికలోనే ఉన్నది ఐఓఎంఎంయూ రక్షణ. వాళ్లు రక్షణ వదిలేయమనలేదు, దాన్ని తక్కువ ఖర్చుతో నిలబెట్టే దారి చూపారు. రక్షణ ఎందుకో 2019 నాటి పరిశోధన థండర్‌క్లాప్ చూపించింది. ఐఓఎంఎంయూ ఉన్న కంప్యూటర్లలో కూడా, థండర్‌బోల్ట్ పోర్టుకు తగిలించిన నకిలీ పరికరం మెమరీలోకి చొరబడగలిగింది. రక్షణ పేజీల లెక్కన ఉంటుంది. ఒక 4 కేబీ పేజీలో ప్యాకెట్ పక్కనే ఇంకేదైనా ఉంటే అదీ పరికరానికి కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి పాత అనువాదాలు చెరపడం ఆలస్యం చేస్తే ఆ మధ్యకాలంలో తలుపు తెరిచే ఉంటుంది. ఎంత వేగానికి ఎంత భద్రత వదులుకోవాలన్నది యంత్రం యజమాని తేల్చుకోవాలి. లినక్స్‌లో దానికి బూట్ ఆప్షన్ ఉంది. డ్రైవర్ రాసేవాడు రిజిస్టర్లో సొంత చిరునామా పెట్టేసి ఆ నిర్ణయాన్ని యజమాని చేతిలోంచి లాక్కోకూడదు.

రిజిస్టర్ల పక్షం: ఆ ఒక్క కారణానికి, ఊడదీసి తగిలించే పోర్టులున్న యంత్రాల్లో, మీ దారే సరి. కానీ చిప్పు లోపల పుట్టి చిప్పు లోపలే ఉండే పరికరాలకు ఆ భయం చూపించకండి. అక్కడ అసలు కష్టం వేరు. డివైస్ ట్రీలో డీఎంఏ అభ్యర్థన సంఖ్య ఒకటి తప్పు పడిందనుకోండి. చానెల్ మొదలవుతుంది, యాక్టివ్ అంటుంది, ఎప్పటికీ రాని సిగ్నల్ కోసం నిల్చుంటుంది. ఎర్రర్ రాదు. పొర చూపించేది టైమవుట్. కంట్రోల్ రిజిస్టర్ చదివితే రెండు నిమిషాల్లో తేలేది, చదవడం రానివాడికి వారం పడుతుంది. ఇలా పొరల మీదే పెరిగినవాళ్లు రేపు కొత్త కంట్రోలర్‌కు డ్రైవర్ ఎలా రాస్తారు? మీ డీఎంఏ డైరెక్టరీలో ఉన్నవి చాలావరకు రిజిస్టర్లు నేరుగా తాకే ఫైళ్లే కదా. వాటిని రాసే చేతులు ఎక్కడి నుంచి రావాలి?

కెర్నెల్ పక్షం: ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేర్చుకోవాల్సింది ఆ డైరెక్టరీలోనే అంటాను. అక్కడ రిజిస్టర్లు తాకడం తప్పు కాదు, అదే పని. 8237 నేర్పండి, పై మీద ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా చేతితో డీఎంఏ కంట్రోల్ బ్లాక్ కట్టించండి, 32 బైట్ల అమరిక తప్పితే ఏమవుతుందో చూపించండి. అదంతా అయ్యాక, ఉమ్మడి కెర్నెల్‌లోకి వచ్చే డ్రైవర్ మాత్రం పొర ద్వారానే రావాలి.

రిజిస్టర్ల పక్షం: అయితే నేనూ అడగాల్సిన మాట ఒకటుంది. నా పరికరానికి కావాల్సింది మీ పొరలో లేదని ప్యాచ్ పంపితే, ఒక్క చిప్పు కోసం పొర మార్చలేమని జవాబు వస్తుంది. పొరలో చోటివ్వరు, బయట రాయనివ్వరు. అప్పుడు ఆ డ్రైవర్ కంపెనీ సొంత కెర్నెల్‌లోనే ఉండిపోతుంది, భద్రతా సవరణలు అందక అక్కడే ముసలిదవుతుంది. అధికారం మీ దగ్గర పెట్టుకున్నప్పుడు వినే బాధ్యత కూడా మీదే.

కెర్నెల్ పక్షం: వింటాను. కానీ ఒక్క చిప్పు కోసం ఫ్లాగ్ చేర్చడం తేలిక. పదేళ్ల తర్వాత ఆ చిప్పు తయారీ ఆగిపోయినా, పరీక్షించడానికి బోర్డు దొరకకపోయినా దాన్ని మోసేది నిర్వాహకుడే. అదే అవసరం ఉన్న రెండో కంట్రోలర్‌ను చూపించండి.

రిజిస్టర్ల పక్షం: రెండోది ఇంకా మార్కెట్లోకి రాకపోతే?

కెర్నెల్ పక్షం: అప్పుడు ఒక్కదాంతోనే రండి. డేటాషీట్‌లో పాజ్ గురించీ ఫైఫో గురించీ ఉన్న పేజీలు ప్యాచ్‌తో పంపండి, డీబగ్ ఆప్షన్ ఆన్ చేసి ఆర్మ్ బోర్డు మీద నడిపిన లాగ్ కూడా. అవి చదవకుండా మీ ప్యాచ్‌ను తిప్పి పంపను.